అమావాస్య నాడు సౌండ్ చెక్

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో ఆ ఆదివారం పొద్దున నిలబడడానికే చోటు లేదు. అయినా కిటికీ పక్క సీటులో ఒక కీబోర్డు దర్జాగా కూర్చుని ఉంది. నల్ల సంచీలో దాన్ని నిలువుగా ఆనించి, జారిపోకుండా చేయి అడ్డం పెట్టి, పక్క సీటులో సంతోష్ కూర్చున్నాడు. కొత్త పెళ్లికూతుర్ని అత్తారింటికి తీసుకుపోయేవాడు కూడా అంత జాగ్రత్త పడడు.

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ అని సంబరపడితిమి. సీట్లు మాత్రం పెట్టెలకా?"

సంతోష్ తలెత్తి చూశాడు. నీలం చుడీదారు, భుజాన పుస్తకాల సంచీ, కొట్లాటకు సిద్ధంగా ఉన్న కనుబొమలు. బస్సు కుదుపుకు పడిపోకుండా పైకమ్మీ పట్టుకుని నిలబడి ఉంది ఆ అమ్మాయి.

"పెట్టె కాదండీ, కీబోర్డు" అన్నాడు.

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు.

నిజానికి సంతోష్ అరవలేదు. మామూలుగానే మాట్లాడాడు. ఆదోని జిన్నింగు మిల్లులో ఆరేళ్లుగా ఫిట్టరు పని అతనిది. పత్తినుంచి గింజ తీసే యంత్రాలు ఇరవై నాలుగు ఒక్కసారిగా తిరుగుతుంటే, పక్కవాణ్ని స్పానరు అడగాలన్నా కడుపులోంచి ఊపిరి తెచ్చుకోవాలి. ఆ గొంతు మిల్లు గేటు దాటాక కూడా తగ్గేది కాదు. మావాడు ఇంట్లో ప్రార్థన చేసుకుంటే పక్కింటివాళ్లు ఆమేన్ అంటారని వాళ్లమ్మ అందరికీ చెప్పుకునేది.

"నా చెవులు బాగానే ఉండాయి అన్నా. ఆ కీబోర్డును ఒళ్లో పెట్టుకో, నేను కూర్చుంటా" అంది ఆ అమ్మాయి.

ఒళ్లో పెట్టుకుంటే కీలు నలుగుతాయని అతను, నిలబడితే కాళ్లు నలుగుతాయని ఆమె వాదించుకున్నారు. చివరికి సంతోష్ లేచి తన సీటే ఇచ్చాడు, కీబోర్డును పట్టుకుని కూర్చోవాలన్న షరతు మీద. గుంతలకు పేరుపడ్డ కోడుమూరు రోడ్డు కాకపోయినా ఈ రోడ్డుకూ గుంతలు తక్కువేం లేవు. ఒక పెద్ద గుంతలో బస్సు దిగి లేచేసరికి కీబోర్డు వచ్చి ఆమె భుజం మీద వాలింది, ఆమె మోచేత్తో తోసింది, సంచీలోపల ఏ మీట నొక్కుకుపోయిందో గాని డెమో పాట మొదలైంది. డిస్కో దరువు. బ్యాటరీలు ఆ పొద్దునే వేసిన కొత్తవి. జిప్పు ఇరుక్కుపోయింది. వెనక సీటు తాత ఒకాయన ఎమ్మిగనూరు దాకా తల ఊపుతూనే ఉన్నాడు.

బస్టాండులో దిగి ఆమె చరచరా నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే కీబోర్డు వీపున వేసుకుని సంతోష్ వస్తున్నాడు. రెండు సందులు తిరిగింది. సంతోష్ కూడా తిరిగాడు. మగ్గాల వీధి మొదట్లో ఆగి, చెప్పు మీదికి చూపు పోనిచ్చింది.

"యాడికి వస్తాండావు?"

"ప్రార్థన హాలుకు. ఈడ కీబోర్డు వాయించే బ్రదర్ బెంగుళూరుకు పోయినాడంట కదా. ఈస్టరు దాకా నన్ను పంపినారు ఆదోని నుంచి."

ఆ అమ్మాయి ఆకాశంలోకి చూసి, "ప్రభువా, మేము అడిగింది ఇదేనా" అన్నట్టు ఒక నిట్టూర్పు విడిచింది. ఆమె పేరు ఎస్తేరు. ఆదోనిలో హాస్టలులో ఉండి బీఎడ్ చదువుతోంది. ఆ హాలు పాస్టరు ప్రకాశం అయ్యగారి ఒక్కతే కూతురు, పాటల బృందానికి లీడరు కూడానని సంతోష్‌కు మెట్ల దగ్గర తెలిసింది. అయ్యగారే చెప్పారు, వందనాలు బ్రదర్, మా ఎస్తేరు దారిలో కలిసిందా అని.

"కలిసింది నాయనా. బస్సంతా కలిసింది" అంది ఎస్తేరు.

ప్రార్థన హాలంటే మాదన్న ఇంటి మేడమీది గది. కింద మాదన్న మగ్గం, పక్కింట్లో రెండు మగ్గాలు, ఎదురింట్లో మరొకటి. వీధిలో నలభై ఇళ్లుంటే ముప్పై మగ్గాలున్నాయి. వాళ్లకు ఆదివారం సెలవు కాదు. అయ్యగారు వాక్యం చెబుతున్నా, ఒక పాప కానుకల పళ్లెం పట్టుకుని తిరుగుతున్నా కిందినుంచి టకటకమని మగ్గాలు కొడుతూనే ఉంటాయి. పదేళ్లుగా విశ్వాసులకు అది అలవాటైపోయింది. సంతోష్‌కు కాలేదు. మగ్గం తాళం ఒకటి, కీబోర్డు తాళం ఒకటి అయి, పాట మధ్యలో అతని వేళ్లు తికమకపడేవి. వాల్యూము పెంచేవాడు. మగ్గాలు తగ్గేవి కావు. ఇంకా పెంచేవాడు.

"సంతోష్ బ్రదర్, దేవుడికి చెవుడు లేదు" అనేది ఎస్తేరు.

ఆ 'బ్రదర్' అన్నమాటే అతనికి గొంతులో ముల్లు అయింది. మూడో ఆదివారానికే సంగతి అర్థమైపోయింది అతనికి. పాట ఎత్తుకునే ముందు ఆమె కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో అతని వేళ్లు కీల మీద, గుండె ఎక్కడో బస్సులో గుంత మీద ఉండేవి. ఈస్టరు అయ్యాక అయ్యగారితో మాట్లాడాలనుకున్నాడు. అంతకుముందు ఆమె తనను ఒక మంచి మాట అంటే బాగుంటుందని కూడా అనుకున్నాడు.

నాలుగో ఆదివారం ఒక వింత జరిగింది. వీధిలో ఒక్క మగ్గం కూడా కొట్టలేదు. పాట గాజు గ్లాసులో నీళ్లలా తేటగా వినిపించింది. కింద టీ కొట్టు దగ్గర అడిగితే, ఈ పొద్దు అమావాస్యప్పా, నేతగాళ్లకు నెలకు ఒక్క సెలవు, మగ్గం ముట్టరు అని చెప్పారు. సంతోష్ ముఖం వెలిగిపోయింది.

ఆ ఆదివారమే అయ్యగారు, మనం ఏ వీధిలో పాడుతున్నామో ఆ వీధికి దీవెనగా ఉండాలి, మన పాట వీళ్లకు మేలు చేయాలి అని వాక్యం చెప్పారు. ఆ మాట సంతోష్ మనసులో బాగా నాటుకుంది. నాటుకున్నది కాస్తా మిల్లు పద్ధతిలో మొలిచింది. మిల్లులో యంత్రాలు ఆపి శుభ్రం చేసే రోజు వస్తే పనివాళ్లందరూ పెద్ద బాక్సు పెట్టుకుని పాటలు వింటారు. సెలవంటే అతనికి తెలిసింది అదే. వచ్చే అమావాస్యకు మిల్లులో సెలవు పెట్టాడు. ఆదోని నుంచి రెండు పెద్ద స్పీకరు బాక్సులు తెచ్చాడు. ఎస్తేరుకు కాలేజీలో పరీక్ష, అయ్యగారు ఒక పల్లెలో రోగిని చూడడానికి పోయారు, అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. మధ్యాహ్నం రెండింటికి బాక్సులు రెండూ కిటికీలో వీధివైపు తిప్పి, పాటల బృందంతో ఈస్టరు పాట మొదలుపెట్టాడు. దీవెన ఏ ఇంటికీ తక్కువ కాకూడదని పూర్తి వాల్యూము పెట్టాడు.

మూడు గంటలు వాయించాడు. మధ్యమధ్య వన్ టూ త్రీ, చెక్ చెక్.

అయిదింటికి మాదన్న మెట్లెక్కి వచ్చాడు. మెత్తటి మనిషి. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"రా అన్నా. ఎట్లుండాది సౌండు?" అన్నాడు సంతోష్ సంబరంగా.

మాదన్న గడపలోనే ఆగాడు. "నెలకు ఒక్క పగలప్పా మేము నిద్రపోయేది. తలంటి పోసుకొని, మగ్గానికి పూజ చేసి, ఓళిగ తిని పడుకుంటాం. మాయమ్మకు మణికట్టు వాసి నెలాయె. రాత్రిపూట నొప్పికి నిద్ర పట్టదు. ఈ పొద్దన్నా కన్ను మూస్తుందనుకుంటిమి." అంతసేపూ అతని గొంతు పైకి లేవలేదు. "అయ్యగారు వస్తే చెప్పండి. వచ్చే అమావాస్యకు హాలు ఖాళీ చేయమని."

ఆ రాత్రే ఎస్తేరు ఆదోని నుంచి ఫోను చేసింది. తిడుతుందని సిద్ధపడ్డాడు. తిట్టినా బాగుండేది.

"మగ్గాలు కొట్టే రోజు నువ్వు ఎంత వాయించినా ఎవురికీ వినపడదు సంతోష్ బ్రదర్. వాళ్ల పని వాళ్లు, మన పాట మనం. పదేండ్లు ఇట్లనే జరిగింది. వినపడే రోజు నెలకు ఒక్కటే. ఆ రోజే చూసి పట్టినావు. ఆ ఊర్లో మనకు ఇంకో మేడ ఎవురిస్తారు?"

సంతోష్ ఫోను చేతిలో పట్టుకుని లెక్క వేసుకున్నాడు. వీధిని దీవిద్దామని పోయి వీధి నిద్ర చెడగొట్టాడు. అయ్యగారి హాలు పోగొట్టాడు. ఎస్తేరు గొంతులో కోపం కూడా మిగలకుండా చేశాడు. మొదటిసారి తన గొంతంటే తనకే సిగ్గేసింది.

తర్వాతి ఆదివారం బస్సులో దారిపొడుగునా క్షమాపణ మెల్లగా చెప్పడం అభ్యాసం చేశాడు. ఎంత మెల్లగా అంటే, టికెట్ అడిగినప్పుడు కూడా అదే గొంతు వచ్చి, కండక్టరు రెండుసార్లు చెవి దగ్గరికి తేవాల్సి వచ్చింది. కీబోర్డు తేలేదు.

మాదన్న ఇంటి వాకిట్లో వాళ్లమ్మ హుసేనమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టడానికి దారాన్ని చిన్న పుల్లలకు చుట్టాలి. వాటిని కండెలు అంటారు. కుడిచేతికి పసుపు గుడ్డ కట్టుకుని, ఎడమచేత్తో రాట్నం తిప్పుతోంది ముసలామె. రాట్నం తిరిగినప్పుడల్లా కీచుమంటోంది. సంతోష్ అభ్యాసం చేసిన మాటలన్నీ మరిచిపోయాడు. ఫిట్టరు చెవి ముందు పనిచేసింది.

"అవ్వా, కదురు వంగింది. అందుకే నీ చేయి లాగుతాండాది" అన్నాడు. అడిగి, రాట్నం బోర్లించి, కండె తొడిగే ఆ ఇనుప ఊచను ఊడదీసి, గడప రాయి మీద పెట్టి తట్టి సరిచేశాడు. రెండు చుక్కల నూనె వేశాడు. రాట్నం చప్పుడు లేకుండా తిరిగింది.

"నీ పేరేంది నాయనా?"

"సంతోష్ అవ్వా."

"అమావాస్య పొద్దు డమడమ కొట్టినోడివి నువ్వేనా?"

తల వంచుకున్నాడు. "నేనే అవ్వా. తప్పయిపోయింది."

హుసేనమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా కొలిచింది. "అయితే కూర్చో. కండెలు చుట్టు. నేను కొంచేపు నడుము వాలుస్తా."

కీబోర్డు మీద కళ్లు మూసుకుని పరిగెత్తే వేళ్లు దారం దగ్గర మొద్దుబారిపోయాయి. మొదటి కండెకు పదకొండు సార్లు దారం తెగింది. రెండో కండె చెంబులా ఉబ్బింది. లోపలినుంచి హుసేనమ్మ, తెగినప్పుడల్లా కళ్లు తెరవకుండానే లెక్క చెబుతోంది. ఎస్తేరు ప్రార్థన హాలుకు వస్తూ మెట్ల దగ్గర ఆగిపోయింది. ముక్కు మీద దూది నూగు, ఒళ్లంతా దారం, నుదుట చెమటతో సంతోష్.

నవ్వకూడదని ఎంత బిగబట్టినా నవ్వేసింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది.

"దారాన్ని పట్టుకోవద్దు. వేళ్ల మధ్య పోనీ. అది పోయేదే, నువ్వు ఊరికే దారి చూపించాల."

ఆ మాట తన గొంతుకు కూడా వర్తిస్తుందని అతనికి తోచింది గాని, పైకి అనలేదు. ఆమె భుజం అతని భుజానికి జానెడు దూరంలో ఉంది. పన్నెండోసారి కూడా తెగింది.

ఆ తర్వాత పాటల బృందం పద్ధతే మారిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ మాదన్న వాకిట్లో కూర్చుని హుసేనమ్మ కండెలు చుట్టేవాళ్లు. చుడుతూ చుడుతూ ఎస్తేరు మెల్లగా ఏదో కూనిరాగం తీసేది, మిగిలినవాళ్లు అందుకునేవాళ్లు. కీబోర్డు లేదు, మైకు లేదు. లోపల మాదన్న మగ్గం కొడుతుంటే ఆ దరువు మీదే పాట కుదిరిపోయేది. ఇన్ని వారాలు తనను తికమకపెట్టిన తాళం ఇదేనా అని సంతోష్ ఆశ్చర్యపోయాడు. పక్కింట్లో బాలింత ఉందని తెలిసి ఒకరు నీళ్లు తోడి పెట్టారు. ఎదురింటి పిల్లాడికి ఎస్తేరు లెక్కలు చెప్పింది. సంతోష్ సంచీలో స్పానర్లు వేసుకొచ్చి వీధిలో వంగిన కదురు ప్రతిదాన్నీ సరిచేశాడు. రోగం ఉన్న ఇంట్లో, అడిగితేనే, అయ్యగారు ప్రార్థన చేశారు. హుసేనమ్మకైతే ఎస్తేరు నాయనమ్మ పాడే పాత కీర్తన ఒకటి కావాలి. అది పాడితే రెండో చరణం దాటకుండానే ఆమెకు కునుకు పట్టేది.

హాలు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మాదన్నను అడుగుదామా అని సంతోష్ ఒకరోజు అంటే అయ్యగారు వద్దన్నారు.

"ఇప్పుడు అడిగితే మనం చేసింది బేరం అవుతుంది బ్రదర్. మాట ఇచ్చినాం, ఖాళీ చేద్దాం."

ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య రానే వచ్చింది. మధ్యాహ్నం వీధి వీధంతా నిద్రలో ఉండగా పాటల బృందం హాలు ఖాళీ చేసింది. చెప్పులు విప్పేశారు. డ్రమ్మును దుప్పట్లో చుట్టారు. కంచు తాళాలను చప్పుడు కాకుండా ఒకామె చీర కొంగులో మూట కట్టింది. లగేజీ ఆటోను వీధిలోకి రానీయకుండా మెయిన్ రోడ్డు మీదే ఆపించారు. స్పీకరు బాక్సు పట్టుకుని నలుగురు మునివేళ్ల మీద మెట్లు దిగుతుంటే, సంతోష్ ముందు నడుస్తూ పెదవుల మీద వేలు పెట్టి అందరినీ హెచ్చరించాడు. నెల క్రితం అతన్ని చూసినవాళ్లు నమ్మేవాళ్లు కాదు.

మిగిలినవాళ్లు సామాను ఆటో దగ్గరికి మోశారు. చాపలు చుట్టడానికి అయ్యగారు పైనే ఉన్నారు. మెట్ల మీద చివరి సామాను కీబోర్డు, దానికి అటు ఎస్తేరు, ఇటు సంతోష్ కూర్చున్నారు. ఎండ తెల్లగా కాస్తోంది. ఎంత నిశ్శబ్దమంటే ఎక్కడో కోడి రెక్క విదిలించుకోవడం కూడా వినిపించింది.

సంతోష్‌కు గుండె బరువెక్కింది. హాలు లేకపోతే కీబోర్డు అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేకపోతే తను అక్కర్లేదు. ఈ పొద్దు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేడు. జీవితంలో ఎప్పుడూ రానంత మెల్లటి గొంతు ఆ పూట అతనికి వచ్చింది.

"ఎస్తేరూ. ఇన్నాళ్లు ఈడికి రావడానికి కీబోర్డు ఒక సాకు. రేపటి నుంచి సాకు లేదు. సాకు లేకుండానే రావాలని ఉంది నాకు. నీకు ఇష్టమైతేనే అయ్యగారిని అడుగుతా. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

ఎస్తేరు తల వంచుకుంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, కండె చుట్టినట్టు. ఆమె నోరు తెరవబోయింది.

"ఇంకొంచెం గట్టిగా సెప్పప్పా" అని కిటికీ లోపలినుంచి హుసేనమ్మ గొంతు వచ్చింది. "పెండ్లి దాకా వినపడింది. ఆ పైన వినపళ్లేదు."

"చేసుకుంటావా అన్నాడు అవ్వా" అని ఎదురింటి తలుపు వెనకనుంచి జవాబు వచ్చింది.

"ఆ యమ్మి ఇంకా ఏమీ అన్లేదు" అని పక్కింటి బాలింత చెప్పింది.

ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. వీధిలో నిద్రపోయినవాళ్లు ఎవరూ లేరు. పన్నెండు మంది దొంగల మాదిరి పిల్లి నడక నడుస్తూ సామాన్లు మోస్తుంటే నిద్ర ఎట్ల పడుతుందని హుసేనమ్మ నిలదీసింది. మాదన్న కళ్లు నులుముకుంటూ వాకిట్లోకి వచ్చి కీబోర్డు వంక చూశాడు.

"ఈ సామాన్లేంది అయ్యగారూ? యాడికి పోతాండారు?"

చంకలో చాపలతో అయ్యగారు మెట్ల మీద ఆగిపోయారు. "నువ్వే కదా మాదన్నా, అమావాస్యకు ఖాళీ చేయమన్నావు."

"అన్నా. కోపంలో అన్నా. పోవద్దని చెబుదామని నెల నుంచి చూస్తాండా. మీరెవురన్నా అడిగితే కదా చెప్పేది. నోరు తెరిచి ఒక్కరూ అడగకపోతిరి." మాదన్న కొంచెం సిగ్గుపడ్డాడు. "మాయమ్మకు ఆ పాట లేకుంటే కునుకు రాదు. మీరు పోతే ఇంట్లోంచి నన్నే ఎళ్లగొడతాది."

అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాతే ఆయనకు ఇందాక విన్న సంగతి గుర్తొచ్చింది. సంతోష్ లేచి నిలబడ్డాడు, చేతులు కట్టుకున్నాడు, గొంతు పూర్తిగా పోయింది.

"నన్ను చూడొద్దు బ్రదర్" అన్నారు అయ్యగారు నవ్వు దాచుకుంటూ. "అడిగింది ఆమెను. నాకైతే ఇష్టమే."

వీధి అంతా ఎస్తేరు వైపు తిరిగింది.

"ఈ పొద్దు వద్దు తల్లీ" అని హుసేనమ్మ కిటికీలోంచి తొందరగా చేయి ఊపింది. "అమావాస్య. మంచి మాట రేపు ఉగాది పొద్దు సెప్పు."

"మాకు ఆ పట్టింపు లేదు అవ్వా." ఎస్తేరు లేచి నిలబడి, కళ్లు మూసుకుని, పాట ఎత్తుకునే ముందు ఆగినట్టే ఒక్క క్షణం ఆగింది. ఎప్పుడూ అతన్ని మెల్లగా మెల్లగా అనే ఎస్తేరు, వీధి చివరి ఇంటికి కూడా చేరేలా గొంతెత్తింది. "నాకూ ఇష్టమే, సంతోష్."

బ్రదర్ అనలేదు. ఆ మాటను అతను మనసులో రెండోసారి విని చూసుకున్నాడు, నిజంగానే అనలేదు. ఆరేళ్ల మిల్లు గొంతు ఒక్కసారిగా తిరిగొచ్చింది. రెండు చేతులూ పైకెత్తి, హల్లెలూయ అనబోయి ఊపిరంతా లాగాడు.

నలభై ఇళ్లు ఒక్క గొంతుతో "ష్" అన్నాయి.

నోటికి వచ్చిన హల్లెలూయను సంతోష్ అట్లాగే మింగి, పక్కనే కూర్చున్నాడు. ఎస్తేరు తన నాయనమ్మ పాడే కీర్తనే అందుకుంది. సంచీలోంచి కీబోర్డు తీసి, వాల్యూము మీట అన్నిటికంటే కిందికి దించి, అతను వేళ్లు కదిపాడు. రెండో చరణం పూర్తి కాకముందే హుసేనమ్మ గురక వినిపించింది. ఆ వెనకే ఒక్కొక్క ఇల్లూ తలుపులు మూసుకుని నిద్రపోయింది.